అరె... అరేలో ఉన్నవి అంకెలేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీదే, అందులోనూ లెక్కలకి వాడే నంపై లైబ్రరీ మీదే. అడిగిన తీరు వేరైనా దాదాపు అన్నిట్లోనూ గొడవ ఒక్కటే, అరేలో (విలువల వరసలో) ఉన్నవి ఏ రకమో తెలియకపోవడం, కాబట్టి వాటన్నిటినీ ఒక్కచోట పెట్టేశాను.

ప్రశ్న: సర్, నేను బీఎస్సీ రెండో సంవత్సరం. ల్యాబ్‌లో ఒక అరే ఇచ్చి దాని డేటా టైప్ కనుక్కోమన్నారు. టైప్ ఫంక్షన్‌లో పెడితే ఎప్పుడూ "నంపై ఎన్‌డీఅరే" అనే వస్తోంది. లోపల అంకెలు పెట్టినా అదే, పేర్లు పెట్టినా అదే. ఎక్కడ తప్పు చేస్తున్నాను? (నరసరావుపేట నుంచి ఒక విద్యార్థి)

తప్పేం లేదమ్మా, నువ్వు అడిగినదానికి అది సరిగ్గానే చెప్పింది. మన వంటింట్లో హార్లిక్స్ సీసా ఉంటుంది, అందులో ఉండేది కందిపప్పు. "ఇదేంటి" అంటే హార్లిక్స్ సీసా అనే చెబుతారు, "ఇందులో ఏముంది" అంటే కదా కందిపప్పు అని చెప్పేది. ఆ రెండో ప్రశ్న అడగాలంటే అరే పేరు రాసి, చుక్క పెట్టి, డీటైప్ అని రాయి. చివర బ్రాకెట్లు పెట్టకు, అది ఫంక్షన్ కాదు, పెడితే "కాలబుల్ కాదు" అని ఎర్రర్ కొడుతుంది. మొదటిసారి అందరం పెడతాం.

ఇక అసలు సంగతి. పైథాన్ లిస్టులో ఒక అంకె, ఒక పేరు, ఒక దశాంశం పక్కపక్కనే ఉండొచ్చు, ఎవరి దారి వాళ్లది. నంపై అరేలో అలా కుదరదు, అరే మొత్తానికీ ఒకటే రకం. 1, 2, 3 ఇస్తే మామూలుగా ఇంట్64 (64 బిట్ల పూర్ణాంకాలు) అవుతుంది. ఆ 3 బదులు 3.5 ఇచ్చి చూడు, ఆ ఒక్కదాని కోసం 1, 2 కూడా దశాంశాలైపోయి మొత్తం ఫ్లోట్64 అవుతుంది. ఎందుకంటే మెమరీలో అన్నీ ఒకే కొలతతో, ఒక్కొక్కటి 8 బైట్లు చొప్పున వరసగా కూర్చుంటాయి. ఏ అంకె ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు, లెక్క వేస్తే చాలు. నంపై వేగానికి అదో పెద్ద కారణం.

ప్రింట్ చేసినప్పుడు కూడా కాస్త కనిపెట్టొచ్చు. అంకె తర్వాత ఒంటరిగా చుక్క ఉంటే, అంటే 1. 2. 3. అని వస్తే, అది ఫ్లోట్. అంకెలకి కొటేషన్లు ఉంటే అవి అంకెలే కావు, అక్షరాలు. ఖాళీ లిస్టు ఇస్తే ఏమవుతుందో ఊహించు... ఫ్లోట్64. ఎందుకని అడక్కు, వాళ్ల డిఫాల్ట్ అది.

ప్రశ్న: మేడమ్/సర్, నేను హైస్కూల్ టీచర్ని. పిల్లల మార్కులు లిస్టుగా రాసుకుని అరే చేశాను. పరీక్షకి రాని పిల్లాడి దగ్గర "ఏబీ" అని పెట్టాను. సార్ట్ చేస్తే 100 వచ్చిన అమ్మాయి 35 వచ్చినవాడి కంటే ముందుంది, 9 వచ్చినవాడు 35కి కూడా తర్వాత ఉన్నాడు. డీటైప్ చూస్తే "<యూ21" అని ఏదో ఉంది. ఏంటిది? (జగిత్యాల)

టీచర్ గారూ, ఆ ఒక్క "ఏబీ" మీ క్లాసు మొత్తాన్నీ అక్షరాలు చేసేసింది. ఇప్పుడు నంపైకి 100 అంటే వంద కాదు, ఒకటి, సున్నా, సున్నా అనే మూడు గుర్తులు. డిక్షనరీలో పదాల్లా పేరుస్తుంది కాబట్టి 1తో మొదలయ్యేది ముందు, 9తో మొదలయ్యేది వెనక.

ఆ గుర్తు సంగతి చెబుతాను. పెద్ద యూ అంటే యూనికోడ్ అక్షరాలు. 21 అంటే ఒక్కో గడిలో 21 అక్షరాలకి చోటు. ముందున్న ఆ బాణం గుర్తు బైట్లు ఏ వరసలో ఉన్నాయో చెప్పేది, మీకు అవసరం లేదు, వదిలేయండి. మీ మార్కులు మూడంకెలు దాటవు కదా, మరి 21 ఎందుకంటారా? ఇంట్64లో పట్టే అంకెల్లో మైనస్‌తో కలిపి అతి పొడుగుది 20 గుర్తులు తీసుకుంటుంది, నంపై ఇంకొకటి కలిపి 21 చోట్లు ఉంచుతుంది. ఒక్కో అక్షరానికి 4 బైట్లు, అంటే 8 బైట్లలో సరిపోయే మార్కుకి ఇప్పుడు 84 బైట్లు. నలభై మంది పిల్లలకి పర్లేదు, నలభై లక్షల వరసలుంటే కంప్యూటర్ మూలుగుతుంది.

సరిచేయడం తేలికే. "ఏబీ" ఉన్నచోట నంపై వాళ్ల నాన్ (ఇక్కడ అంకె లేదని చెప్పే గుర్తు) పెట్టండి, తర్వాత అరే చేయండి, ఫ్లోట్64 వస్తుంది. "ఏబీ" అలాగే ఉంచి, రకం మార్చే ఆస్‌టైప్‌తో ఫ్లోట్ చేద్దామంటే ఒప్పుకోదు. సున్నా మాత్రం పెట్టకండి, రాని పిల్లాడి సున్నా క్లాసు సగటుని లాగేస్తుంది. సగటుకి మీన్ కాకుండా నాన్‌మీన్ వాడండి, లేకపోతే జవాబు కూడా నాన్ అనే వస్తుంది. ఇంకో మాట, "ఏబీ" బదులు పైథాన్ నన్ (ఏమీ లేదనే విలువ) పెడితే డీటైప్ "ఆబ్జెక్ట్" అవుతుంది, అంటే ఏ రకమైనా పట్టే మూట. అది ఇంకా మోసం, చూడ్డానికి అంకెల్లాగే కనిపిస్తుంది, సమ్ చేయబోతే అప్పుడు బయటపడుతుంది. నన్నడిగితే డీటైప్‌లో ఆబ్జెక్ట్ కనిపిస్తే అక్కడే ఆగి చూడాలి, ముందుకెళ్లకూడదు.

ప్రశ్న: అన్నా, మాది ఫోటో స్టూడియో. పెళ్లి ఫోటో కాస్త డల్‌గా ఉందని పైథాన్‌లో పిక్సెల్స్ అన్నిటికీ 60 కలిపాను. మొహాలు బాగానే వచ్చాయి, పెళ్లికొడుకు తెల్లపంచె మాత్రం నల్లగా అయిపోయింది! ఎర్రర్ కూడా రాలేదు. (తెనాలి)

పెళ్లివాళ్లకి చూపించలేదు కదా తమ్ముడూ? నీ అరే డీటైప్ చూడు, యూఇంట్8 అని ఉంటుంది. మామూలుగా ఫోటోలు అలాగే వస్తాయి. ఇక్కడ యూ అంటే మైనస్ లేని అంకెలు, పై ఉత్తరంలో అక్షరాల యూ వేరు, ఒకే గుర్తుకి పెద్దది ఒక అర్థం, చిన్నది ఒక అర్థం పెట్టి మనల్ని చంపుతారు. 8 బిట్లలో పట్టేది 0 నుంచి 255 వరకే. మొహం పిక్సెల్ 150 అనుకో, 210 అయింది, బాగుంది. పంచె 220, దానికి 60 కలిపితే 280, అది పట్టదు. పాత స్కూటర్ మీటర్ 99999 దాటాక సున్నాకొచ్చినట్టు 280లోంచి 256 పోయి 24 మిగిలింది. 24 అంటే దాదాపు నలుపే.

అరే లెక్కల్లో ఇలా పొంగిపోతే నంపై నోరు మెదపదు. అందుకని ముందు ఆస్‌టైప్‌తో ఇంట్16 చెయ్, 60 కలుపు, క్లిప్‌తో 0కీ 255కీ మధ్య బిగించు, చివర్లో మళ్లీ యూఇంట్8 చెయ్. ఈ వరస మార్చకు. ముందే యూఇంట్8 చేసేసి తర్వాత క్లిప్ చేస్తే అప్పటికే పంచె నల్లబడి ఉంటుంది.

ప్రశ్న: మా పాపకి తెలుగు మాటల ఆట రాస్తున్నాను. అరేలో "అమ్మ", "నాన్న" పెట్టాను. తర్వాత మొదటి గడిలో "అమ్మమ్మ" అని మారిస్తే "అమ్మమ" అని వస్తోంది. నంపైకి తెలుగు రాదా? (టెక్సస్ నుంచి ఒక తల్లి)

వచ్చండీ, కాకపోతే అది మనలా లెక్కపెట్టదు. యూనికోడ్‌లో "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ... నాలుగు. "నాన్న" ఐదు, దీర్ఘం కూడా ఒకటి కదా. ఉన్నవాటిలో పొడుగుది ఐదు కాబట్టి డీటైప్ యూ5 అయింది. "అమ్మమ్మ"కి ఏడు కావాలి. మొదటి ఐదూ ఉంచుకుని చివరి పొల్లునీ మనీ చెప్పకుండా కోసేసింది. డీటైప్‌ని యూ20 అని ముందే చెప్పి అరే చేయండి. లేదంటే, 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0లో స్ట్రింగ్‌డీటైప్ అని కొత్తది ఉంది, దానికి ఈ కొలత గొడవ లేదు. అసలు నాలుగు మాటల ఆటకి మామూలు లిస్టు చాలదా అన్నది నా సందేహం.

ప్రశ్న: మా ఆఫీసులో అదే కోడ్ నా ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వస్తుంది, పక్క సీటతని విండోస్‌లో 50000 ఇంటూ 50000 మైనస్‌లో వస్తోంది. పైగా అరేలోంచి తీసిన అంకెని "ఇంట్ అవునా" అని ఇజ్‌ఇన్‌స్టాన్స్‌తో అడిగితే కాదంటోంది. (హైదరాబాద్)

అతని నంపై పాతది. 2.0 ముందు వరకు విండోస్‌లో మామూలు అంకెల అరే ఇంట్32 అయ్యేది, మిగతాచోట్ల 64 బిట్ మెషీన్లలో ఇంట్64. ఇంట్32లో పట్టేది 214 కోట్ల పైచిలుకే, మీది 250 కోట్లు, అందుకే మైనస్ 179 కోట్ల చిల్లర కనిపించి ఉంటుంది. వెర్షన్ మార్చేదాకా అరే చేసేటప్పుడే డీటైప్ ఇంట్64 అని రాయమనండి.

రెండోది, నంపై ఇంట్64 వేరు, పైథాన్ ఇంట్ వేరు, కాబట్టి కాదనడం న్యాయమే. విచిత్రం ఏంటంటే ఫ్లోట్64ని "ఫ్లోట్ అవునా" అంటే అవునంటుంది, దాన్ని పైథాన్ ఫ్లోట్ కింద పుట్టించారు. మీరు అరే డీటైప్‌నీ, నంపై నంబర్‌నీ ఇచ్చి, ఇది అంకెల రకమేనా అని చూసే ఇజ్‌సబ్‌డీటైప్‌ని అడగండి. ఇంట్32 అయినా, ఫ్లోట్64 అయినా, యూఇంట్8 అయినా ట్రూ అంటుంది. బూల్ అరేకి (ట్రూ, ఫాల్స్ మాత్రమే ఉండేదానికి) మాత్రం ఫాల్స్ వస్తుంది, దానికి మళ్లీ ఉత్తరం రాయకండి.