కార్ల ఫొటోలకు ఒక గది: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము పాత కార్లు కొని, మరమ్మతు చేయించి అమ్ముతుంటాము. ఇప్పటిదాకా ఫొటోలన్నీ ఆరుబయటే తీస్తున్నాము. ఎండ ముదిరినా, వాన పడినా పని ఆగిపోతోంది. పైగా పక్కన నిలిపిన బళ్లన్నీ అమ్మే కారు తలుపుల మీద కనబడుతున్నాయి. వర్క్‌షాపు వెనక 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తు ఉన్న షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. షట్టర్ ఏ గోడకు పెట్టాలన్నది ఇంకా తేల్చుకోలేదు. ముందు కెమెరా కొనాలా, లైట్లు కొనాలా? కారును నిలిపి గుండ్రంగా తిప్పే వేదిక, అదే టర్న్‌టేబుల్, తప్పనిసరా?

జవాబు: కెమెరా సంగతి చివరికి వదిలేయండి. మీ ఖర్చులో పెద్ద వాటా కప్పుకు, గోడలకు, నేలకు పోవాలి. మెరిసే పెయింటు ఒక వంకర అద్దం. దాని మీద మనకు కనబడేదంతా కారు రంగు కాదు, చుట్టూ ఉన్న వస్తువుల ప్రతిబింబం కూడా. ఆరుబయట పక్క బళ్లు కనబడినట్టే లోపల ట్యూబులైట్లు, ఇనుప దూలాలు, మూలన పెట్టిన నిచ్చెన, కెమెరా పట్టుకున్న మనిషి కనబడతారు. అందువల్ల కారు వేటిని ప్రతిఫలిస్తుందో ముందు చక్కబెట్టుకుంటే, ఆ తరువాత మామూలు కెమెరాతోనూ మంచి ఫొటో వస్తుంది.

షట్టర్ గురించి మీరు ఇప్పుడే అడగడం మంచిదయింది. చాలామంది కారును గది పొడవు వెంట నిలుపుతారు, తలుపుల వైపు ఫొటో తీయబోయేసరికి వెనక్కి జరిగే చోటు ఉండదు. లెక్క ఇలా ఉంటుంది: 4.5 మీటర్ల కారుకు అటూ ఇటూ కాస్త ఖాళీ కలిపి 5.4 మీటర్ల వెడల్పు ఫ్రేములోకి రావాలనుకుందాం. 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు) ఉన్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 50 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే దాదాపు 7.5 మీటర్ల దూరం నుంచి తీయాలి. పొడవు వెంట నిలిపిన కారు తలుపుల ఎదుట మీకు మిగిలేది 4 మీటర్లే కనుక 24 మిల్లీమీటర్ల వైడ్ లెన్స్ వాడక తప్పదు. అంత దగ్గర నుంచి తీస్తే కెమెరాకు దగ్గరున్న చక్రం, బంపర్ ఉబ్బినట్టు, దూరమున్న వైపు కుదించినట్టు కనబడతాయి. అదే కారును వెనక గోడకు దగ్గరగా, గది వెడల్పుకు అడ్డంగా నిలిపితే, గోడకూ కారుకూ మధ్య ఒకటిన్నర మీటర్లు విడిచినా, కారు తలుపుల ఎదుట 8 మీటర్లకు పైగా చోటు మిగులుతుంది. ఇలా నిలపాలంటే కారు పక్క గోడ నుంచి నేరుగా లోపలికి రావాలి. కాబట్టి షట్టర్‌ను పొడవు గోడలో, వెనక మూల వైపున పెట్టించండి. అదే నేరుగా బయటకు వెళ్లే దారి కూడా అవుతుంది.

ఇక టర్న్‌టేబుల్. కారును ముందు మూల నుంచి, అంటే ముఖమూ పక్కా రెండూ కనబడేలా తీసే ఫొటోయే కొనేవారు ముందు చూసేది. అడ్డంగా నిలిపిన కారుకు ఆ కోణం కావాలని మీరు గది మూలకు జరిగినా, గది వెడల్పు సరిపోక 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతారు. అందుకని కారే తిరగాలి. రోజుకు ఒకటి రెండు కార్లయితే చక్రాల కింద పెట్టే చిన్న ట్రాలీల మీద ఇద్దరు మనుషులు తోసి తిప్పవచ్చు. అంతకు మించి కార్లు వస్తుంటే, లేదా 10 డిగ్రీలకు ఒకటి చొప్పున 36 ఫొటోలతో చుట్టూ తిరిగే దృశ్యం చూపాలనుకుంటే, టర్న్‌టేబుల్ పెట్టించండి. 4.7 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు ఉన్న కారు తిరిగేటప్పుడు దాని మూలలు గీసే వలయం వ్యాసం 5 మీటర్లకు కాస్త పైన ఉంటుంది కనుక మీ 7 మీటర్ల వెడల్పు సరిపోతుంది. అయితే వలయం మధ్య నుంచి వెనక గోడకు కనీసం 3 మీటర్లు ఉండేలా కారును ముందుకు జరపాలి. విద్యుత్ కార్లు బ్యాటరీ వల్ల బాగా బరువు తూగుతాయి. టర్న్‌టేబుల్ ఎంత బరువు మోయగలదో వాటిని దృష్టిలో పెట్టుకుని ఎంచుకోవాలి.

లైట్ల విషయంలో ఒకటే పెద్ద సూత్రం: కారుకు పైన, కారుకంటే పెద్దదైన ఒకే తెల్లని వెలుగు పరుచుకోవాలి. సుమారు 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న చట్రానికి, మంట తొందరగా అంటుకోని తెల్లటి పలుచని బట్టను బిగించి 3 మీటర్ల ఎత్తున వేలాడదీయండి. దాని పైన ఎల్‌ఇడి ప్యానెళ్లను కప్పు కేసి తిప్పి అమర్చండి. వెలుగు తెల్లటి కప్పుకు తగిలి, బట్ట మీద సమంగా పరుచుకుని కిందికి దిగుతుంది. ప్యానెళ్లను నేరుగా బట్ట కేసి తిప్పితే ఒక్కొక్క లైటూ ఒక్కొక్క మచ్చగా బానెట్ మీద తేలుతుంది. అన్ని లైట్లూ ఒకే రంగువి కావాలి, వెలుగు రంగును తెలిపే కొలత 5000 నుంచి 5600 కెల్విన్ లోపల ఉండేలా, రంగులను ఎంత నిజంగా చూపుతుందో తెలిపే సిఆర్‌ఐ 95కు తగ్గకుండా చూసుకోండి. ఫొటో తీసేటప్పుడు గది షట్టర్ దించి, పాత ట్యూబులైట్లు ఆర్పేయండి. లేకుంటే ఒక తలుపు నీలంగా, మరొకటి పచ్చగా కనబడి, తరువాత సరిదిద్దడానికి ఎంత కూర్చున్నా కుదరదు.

గోడలకు మెరుపు లేని లేత బూడిద రంగు వేయించండి. కెమెరా వెనక గోడకూ ఇదే వర్తిస్తుంది. అది ఫొటోలో రాదు కదా అని సామాన్లు పేర్చేవారున్నారు, కానీ తలుపుల పై సగంలో కనబడేది ఆ గోడే. కింది సగంలో నేల కనబడుతుంది. మెరిసే ఎపాక్సీ పూత వేసిన నేల చూడ ముచ్చటగా ఉంటుంది గానీ, పై వెలుగును తిరిగి చూపిస్తుంది; తెల్ల నేల మీద టైరు గుర్తులు తుడుస్తూ కూర్చోవాలి. మెరుపు లేని బూడిద నేలే మేలు.

గది పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. మీరు కెమెరా స్థానంలో, లెన్స్ ఎత్తుకు కళ్లు వచ్చేలా వంగి నిలబడి, మరొకరిని ఒక తెల్ల కాగితం పట్టుకుని గోడ వెంట మెల్లగా నడవమనండి. ఆ కాగితం కారు తలుపులో మీకు ఎక్కడెక్కడ కనబడిందో, గోడలో అంతమేరా నున్నగా, ఖాళీగా ఉండాలి.

మరో మాట. లోపలికి తెచ్చిన వెంటనే ఇంజన్ ఆపేయండి. ఇంజన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మూసిన గదిలో అది ప్రాణాలకే ప్రమాదం. గాలి బయటకు లాగే ఫ్యాన్ తప్పక పెట్టించండి. డ్యాష్‌బోర్డు ఫొటోకు ఇంజన్ అక్కర్లేదు, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటే చాలు.

ప్రశ్న: మా గదిలో తెల్ల కారు మురికిగా, నల్ల కారు బూడిద పట్టినట్టు వస్తున్నాయి. కెమెరాలో లోపమా?

జవాబు: లోపం కాదు, ఆటోమేటిక్ పద్ధతి చేసే పనే అది. ఎదుట ఏముందో కెమెరాకు తెలియదు. దేన్నయినా మధ్యస్థమైన బూడిద రంగుకు తెచ్చే ప్రయత్నం చేస్తుంది. గదిలో వెలుగు మారదు కనుక మీ అమరికలూ మారనక్కర్లేదు. కెమెరాను ట్రైపాడ్ మీద, హెడ్‌లైట్ల ఎత్తుకు కొంచెం పైన పెట్టి, మాన్యువల్‌లో ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) 100, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే మేర) ఎఫ్ 8 వద్ద ఉంచి, కారు ఉండే చోట పెట్టిన మధ్యస్థ బూడిద రంగు కార్డును చూసి కెమెరా షట్టర్ వేగాన్ని, తెలుపు తెల్లగా కనబడేలా చేసే వైట్ బ్యాలెన్స్‌ను ఒకసారి నిర్ణయించి, అన్ని కార్లకూ అవే వాడండి. ట్రైపాడ్ ఉంది కనుక షట్టర్ వేగం తగ్గినా నష్టం లేదు; పైగా లైట్ల మినుకుమినుకు వల్ల వచ్చే చారలు కూడా పోతాయి.

నల్ల కారు ఆకారం తెలిసేది దాని మీద పరుచుకున్న వెలుగు వల్లనే కాబట్టి పై బట్ట అంచు బానెట్ మీద తెగిపోకుండా చూడండి. తెల్ల కారుకు దీనికి విరుద్ధంగా చేయాలి. ఫ్రేముకు బయట రెండు వైపులా నల్లటి బోర్డులు నిలబెడితే అంచులు స్పష్టమవుతాయి. ముందు అద్దం మీది మెరుపును, లెన్స్‌కు తగిలించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ తగ్గిస్తుంది. అయితే దాన్ని పూర్తిగా తిప్పేస్తే పెయింటు మీది అందమైన వెలుగు కూడా పోయి కారు చప్పగా కనబడుతుంది. క్రోమ్ మీద మాత్రం అది పనిచేయదు.

ప్రశ్న: ఫొటోలో కనబడని సొట్ట కారు మీద ఉందని కొనేవారు గొడవ పెట్టారు. మేము దాచలేదు. ఎలా జరిగింది?

జవాబు: మెత్తని, సమానమైన వెలుగు కారును అందంగా చూపినట్టే చిన్న సొట్టలను మింగేస్తుంది. అలాంటి గది కట్టుకున్నవారు సొట్టలకు విడిగా ఫొటోలు తీయవలసిందే. పై వెలుగు ఆర్పి, ఒక పొడవాటి ఎల్‌ఇడి ట్యూబును తలుపుకు సమాంతరంగా పట్టుకుని దాని ప్రతిబింబాన్ని చూడండి. తలుపు నున్నగా ఉన్నచోట ఆ గీత సాఫీగా సాగుతుంది, సొట్ట ఉన్నచోట చటుక్కున వంగుతుంది. పెయింటు చెడకుండా సొట్టలు తీసే పనివారు గీతల లైటు బోర్డు వాడేది ఇందుకే. గీత వంగిన చోట పక్కన స్కేలు పెట్టి దగ్గర నుంచి ఒకటి, ఏ తలుపో తెలిసేలా దూరం నుంచి ఒకటి తీయండి. సాఫ్ట్‌వేర్‌లో నేల మీది టైరు గుర్తు చెరిపేయవచ్చు, నంబరు ప్లేటు కప్పవచ్చు. సొట్టను, పెయింటు మీది గీరను మాత్రం ముట్టుకోవద్దని ఫొటోలు సరిచేసే వారికి రాతపూర్వకంగా చెప్పండి.