కరువు విరాళానికి కెనడా ప్రభుత్వం డాలరుకు డాలరు కలుపుతానంటే, ఆగి ఇవ్వాలా?

మీరు రెండు సంగతులు అడిగారు. ఆఫ్రికా కరువు సాయానికి మీరు 100 డాలర్లు ఇస్తే, ప్రభుత్వం ఇంకో 100 కలిపి, మీరు ఎంచుకున్న సంస్థకు 200 అందుతాయా అన్నది ఒకటి. మ్యాచింగ్ (ఇలా ప్రభుత్వం సమానంగా కలపడం) ప్రకటన వచ్చేదాకా ఆగితే లాభమా అన్నది రెండోది. మొదటిదానికి జవాబు: సాధారణంగా అందవు. రెండోదానికి: ఆగకండి, ఒక్కరోజు కూడా.

2011లో సోమాలియా, కెన్యా, ఇథియోపియాల కరువు కోసం కెనడా పెట్టిన నిధి చూడండి. జూలై 6 నుంచి సెప్టెంబర్ 16 లోపు ఇచ్చిన విరాళాలకే అది వర్తించింది. మీ 100 డాలర్లు మీరిచ్చిన చారిటీకే పోతాయి. ఆ చారిటీ తనకు ఎంత వచ్చిందో ప్రభుత్వానికి లెక్క రాసిస్తుంది. ఆ లెక్కకు సమానమైన సొమ్మును ప్రభుత్వం వేరే నిధిలో వేసి, అనుభవమున్న కెనడా సంస్థలకు, అంతర్జాతీయ సంస్థలకు తాను ఎంచి పంచుతుంది. మీ చారిటీకి అందులో వాటా రావచ్చు, పైసా కూడా రాకపోవచ్చు. ఇందులో మోసమేమీ లేదు. చందాలు బాగా పోగుచేయగల సంస్థ, అక్కడ లారీలు నడిపి తిండి చేర్చగల సంస్థ ఒకటే కానక్కర్లేదు కదా. కానీ ఈ ముక్క విరాళాల పేజీల్లో పెద్ద అక్షరాలతో ఎందుకు రాయరో నాకు అర్థం కాదు. "మీ విరాళం రెట్టింపు" అని మాత్రం రాస్తారు.

లెక్కలోకి ఏది వస్తుంది, ఏది రాదు అన్న దగ్గరే మనవాళ్ల డబ్బు ఎక్కువగా జారిపోతుంది. ఇచ్చేది వ్యక్తి అయి ఉండాలి, ఒక్కొక్కరికి లక్ష డాలర్ల దాకా. తెలుగు సంఘం దీపావళి కార్యక్రమంలో హుండీ పెట్టి, నగదు పోగేసి, సంఘం పేరుతో ఒకే చెక్కు పంపిందంటే అది సంస్థ ఇచ్చిన డబ్బు అవుతుంది, మ్యాచింగ్‌కు పనికిరాదు. అదే యాభై మంది ఎవరి కార్డుతో వాళ్లు చారిటీ సైట్‌లో నేరుగా కడితే యాభై విరాళాలూ లెక్కలోకి వస్తాయి. చారిటీ కెనడాలో నమోదైనదై ఉండాలి. దాని రిజిస్ట్రేషన్ నంబరులో తొమ్మిది అంకెలు, తర్వాత ఆర్ఆర్ అక్షరాలు, ఆ తర్వాత నాలుగు అంకెలు ఉంటాయి. కెనడా పన్నుల శాఖ అయిన రెవెన్యూ ఏజెన్సీ జాబితాలో ఆ నంబరు కొట్టి చూడటానికి నిమిషం చాలు. అలాంటి నంబరు లేకుండా ఎవరో తెరిచిన క్రౌడ్‌ఫండింగ్ పేజీలో వేసిన డబ్బుకు మ్యాచింగూ లేదు, పన్ను రసీదూ లేదు.

ఇంకో పొరపాటు: కరువు కోసమని గుర్తు పెట్టకుండా జనరల్ ఫండ్‌కి ఇచ్చేయడం. ఆన్‌లైన్‌లో అయితే డ్రాప్‌డౌన్‌లో ఆ అప్పీల్ (విరాళాల పిలుపు) పేరు ఎంచుకోండి. చెక్కు అయితే మెమో గీత మీద రాయండి. రసీదు పారేయొద్దు. ఫెడరల్ పన్ను రాయితీ మొదటి 200 డాలర్ల దాకా తక్కువ శాతం, పైన దానికి దాదాపు రెట్టింపు శాతం కాబట్టి భార్యాభర్తల రసీదులు కలిపి ఒకరి రిటర్నులో చూపితే మేలు. ఈ ఏడాది వాడకపోతే వచ్చే ఐదేళ్లలో ఎప్పుడైనా వాడుకోవచ్చు.

ఇక ఆగడం గురించి. సోమాలియాలో 2010 చివరి వానలు తప్పాయి, 2011 ఏప్రిల్-జూన్ వానలూ తప్పాయి. హెచ్చరికలు నెలల ముందే వచ్చాయి. దక్షిణ సోమాలియాలో సాయుధ తీవ్రవాద ముఠా అల్ షబాబ్ బెదిరింపుల వల్ల ప్రపంచ ఆహార కార్యక్రమం 2010 జనవరిలోనే పని ఆపేసుకుంది. బాకూల్, లోయర్ షబెల్లె ప్రాంతాల్లో క్షామం ఉందని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది 2011 జూలై 20న. కెనడా మ్యాచింగ్ ప్రకటించింది జూలై 22న. అప్పటికే తల్లులు చంకన పిల్లలతో వారాల తరబడి నడిచి కెన్యాలోని దదాబ్ శిబిరాలకు చేరుతున్నారు. 90 వేల మందికని కట్టిన ఆ శిబిరాల్లో ఆ ఏడాది చివరికి నాలుగు లక్షలకు పైగా ఉన్నారు. 2013లో వచ్చిన అధ్యయనం ప్రకారం సోమాలియాలో చనిపోయినవాళ్లు సుమారు 2,58,000 మంది. వాళ్లలో 1,33,000 మంది ఐదేళ్లలోపు పిల్లలు. చావులు అన్నిటికంటే ఎక్కువగా జరిగింది మే నుంచి ఆగస్టు మధ్య. మ్యాచింగ్ తెరుచుకునేసరికి పుణ్యకాలం సగం గడిచిపోయింది.

దీనికి మూలం "క్షామం" అన్న మాటకున్న కొలతలో ఉంది. ఐదిళ్లలో ఒక ఇంట్లో తిండి దాదాపు పూర్తిగా లేకపోవాలి, పిల్లల్లో 30 శాతం చిక్కిపోయి ఉండాలి, రోజుకు పదివేల మందిలో ఇద్దరు చనిపోతుండాలి. ఈ మూడూ తేలాకే ఆ మాట వాడతారు. అంటే చావులు లెక్కకొచ్చాకే టీవీలో వస్తుంది, టీవీలో వచ్చాకే మంత్రులు మ్యాచింగ్ అంటారు. ఆకలి తీవ్రతను కొలిచే ఐదు దశల్లో క్షామం చివరిది; దానికి ముందున్న నాలుగో దశ, అంటే అత్యవసర స్థితి అని తేలిన రోజే మ్యాచింగ్ తెరవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ ఆలస్యం మనకు కొత్త కాదు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసిన ధాత కరువు 1876లో మొదలైతే, లండన్‌లో మాన్షన్ హౌస్ (నగర మేయర్ భవనం) పేరున విరాళాల నిధి తెరిచింది 1877 ఆగస్టులో. ఆరు లక్షల పౌండ్లకు మించి పోగైంది, కానీ అప్పటికే లక్షల మంది పోయారు.

2017లో దక్షిణ సూడాన్‌లోని లీర్, మాయెండిట్ ప్రాంతాల్లో ఫిబ్రవరి 20న క్షామం ప్రకటించారు. కెనడా మ్యాచింగ్ మాట చెప్పింది మే చివర్లో, కానీ మార్చి 17 నుంచి ఇచ్చినవీ లెక్కలోకి తీసుకుంది. 2011లోనూ అలాగే తేదీ వెనక్కి జరిపింది. కాబట్టి ముందే ఇచ్చినవాళ్లు నష్టపోలేదు. ఆగినవాళ్ల డబ్బు మాత్రం వానలు మొదలయ్యాక చేరింది. అక్కడ వానలొస్తే మట్టిరోడ్లు బురదగుంటలవుతాయి, లారీలు కదలవు. విమానం నుంచి బస్తాలు జారవిడవాలి, ఖర్చు ఎన్నోరెట్లు. మార్చి డాలరు, జూలై డాలరు ఒకటి కాదు.

బ్రిటన్‌లో అయితే పరిమితి కూడా చూసుకోవాలి. అదే 2017లో తూర్పు ఆఫ్రికా అప్పీల్‌కు అక్కడి ప్రభుత్వం మొదట 50 లక్షల పౌండ్ల వరకే కలుపుతానంది, తర్వాత కోటికి పెంచింది. పరిమితి నిండాక ఇచ్చిన పౌండు ఒంటరిదే.

మీరిచ్చిన చోటికే ప్రభుత్వ సొమ్మూ చేరాలంటే విన్నిపెగ్‌లోని కెనడియన్ ఫుడ్‌గ్రెయిన్స్ బ్యాంక్ చూడండి. 1983 నుంచి ఉంది. ప్రెయిరీ (కెనడా మైదాన ప్రాంత) రైతులు కలిసి ఒక పొలం చెక్కను ఈ పనికే వదిలి, గోధుమో కనోలా నూనెగింజలో పండించి, అమ్మిన డబ్బు ఇస్తారు. దానికి ఆహార సాయం కింద ప్రభుత్వం నాలుగు రెట్లు కలుపుతూ వచ్చింది, ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల మేర. ఒకప్పుడు కెనడా గింజలే ఓడలో పంపాలన్న నిబంధన ఉండేది. 2008లో అది పూర్తిగా తీసేశాక దగ్గరి దేశంలోనే ధాన్యం కొంటున్నారు. ఓడలో నెలల ప్రయాణం తప్పింది.

బియ్యం బస్తాలు, పాత బట్టలు పోగుచేసి పంపే ఆలోచన మాత్రం దయచేసి మానండి. రవాణా ఖర్చే చాలాసార్లు సరుకు విలువను మించుతుంది, పైగా వస్తువులకు మ్యాచింగ్ లేదు. అంగన్‌వాడీలో జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచినట్టే కరువు ప్రాంతాల్లోనూ పిల్లలు ఎంత చిక్కిపోయారో కొలుస్తారు. 11.5 సెంటీమీటర్లకు తక్కువున్న బిడ్డకు కావలసింది వేరుశనగ ముద్దతో చేసిన 92 గ్రాముల ప్యాకెట్లు, ఒక్కోదానిలో 500 కేలరీలు. 150 ప్యాకెట్ల పెట్టె ఒకటుంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ బిడ్డ కోలుకుంటుంది.

ఈ రాత్రే ఇవ్వాలనుకుంటే, ముందు ఆ చారిటీకి ఒక మెయిల్ పెట్టండి: ఈ డబ్బు కరువు అప్పీల్ ఖాతాలోకే వెళ్తుందా, మ్యాచింగ్ వస్తే మీ లెక్క గడువులోగా ప్రభుత్వానికి పంపుతారా అని. చారిటీ ఆ లెక్క పంపకపోతే మీరిచ్చిన తేదీ సరైనదైనా, ఆ డబ్బుకు ప్రభుత్వం ఏమీ కలపదు.