డాక్టర్ సలహా: ముప్పు రెట్టింపు అన్నారు సరే, ఎంతకు రెట్టింపు?

ప్రశ్న: నా వయసు 29. పెళ్లయి రెండేళ్లయింది. పీసీఓడీ వల్ల నెలసరి సరిగా రావడం లేదని మా డాక్టరుగారు ఏడాదిన్నరగా హార్మోన్ మాత్రలు వాడిస్తున్నారు. మాకు ఇప్పుడే పిల్లలు వద్దనుకున్నాం కాబట్టి అందుకూ అవే పనికొస్తాయన్నారు. నెలసరి సక్రమంగా వస్తోంది, మొటిమలు కూడా తగ్గాయి. పదిహేను రోజుల క్రితం వాట్సాప్‌లో ఒక వార్త వచ్చింది. ఈ రకం మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతుందట, ఆ గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రాణం పోతుందట. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచే మానేశాను. మావారు మళ్లీ మొదలుపెట్టమంటున్నారు, అత్తగారు వద్దంటున్నారు. ఇంకో విషయం. మా చెల్లికి 19 ఏళ్లు. దానికి నెలసరి 32, 33 రోజులకు వస్తుంది. 28 రోజులకు రావాలి కదా, దానికీ పీసీఓడీ ఉందేమోనని అమ్మ టెన్షన్ పడుతోంది. ఏం చేయమంటారు?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, భయపడి మాత్రలు మానేసినందుకు నేను మిమ్మల్ని తప్పుపట్టను. మీరు చదివిన వార్త అబద్ధం కూడా కాదు. కానీ అందులో ఉండాల్సిన ఒక అంకె లేదు. అది లేకపోవడం వల్లే మీకు ఆ రాత్రి నిద్ర పోయింది.

రెట్టింపు అన్నారు. ఎంతకు రెట్టింపు? పది రూపాయలు రెట్టింపైతే ఇరవై అవుతుంది, పది లక్షలు రెట్టింపైతే ఇరవై లక్షలవుతుంది. రెండు చోట్లా మాట ఒకటే. ఆ మాట ఒక్కటే చెప్పి ఊరుకుంటే వినేవాళ్లు పెద్ద అంకెనే ఊహించుకుంటారు.

అసలు లెక్క చెబుతాను. మీ వయసు వాళ్లు, ఏ హార్మోన్ మాత్రలూ వాడనివాళ్లు, గర్భంతో లేనివాళ్లు ఒక పది వేల మంది ఉన్నారనుకోండి. వాళ్లలో ఏడాదికి ఇద్దరికి కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకడుతుంది. ఆ పది వేల మందీ లెవోనోర్జెస్ట్రెల్ ఉన్న పాత రకం మాత్రలు వాడితే ఆ ఇద్దరు కాస్తా ఐదు నుంచి ఏడుగురు అవుతారు. డ్రోస్పిరెనోన్, డెసోజెస్ట్రెల్ లాంటివి ఉన్న కొత్త రకాలు వాడితే తొమ్మిది నుంచి పన్నెండు మంది అవుతారు. ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2013లో ఈ మాత్రలన్నిటినీ సమీక్షించి ఇచ్చిన అంకెలివి. పీసీఓడీకి మన దగ్గర ఎక్కువగా రాసేది ఈ కొత్త రకాలే. పాతవాటితో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు, ఆ మాట నిజమే. అదే వార్తలో 'పది వేల మందిలో మరో ఐదుగురికి' అని రాసి ఉంటే మీరు చదివి, ఫోను పక్కన పెట్టి, మామూలుగా పడుకునేవారు.

గడ్డకట్టిన ప్రతి ఒక్కరికీ ప్రాణం మీదకు రాదు. అలాంటి వంద మందిలో ఒకరిద్దరి విషయంలో ఆ పరిస్థితి వస్తుంది. అది చిన్న విషయమని అనను, ఆ ఒక్కరి ఇంట్లో వాళ్లకు అది మొత్తం నష్టమే. కానీ పోల్చి చూడటానికి ఇంకో అంకె కూడా మీ ముందు ఉండాలి. మాత్ర మానేశాక వచ్చే అవకాశమున్న గర్భంలో కూడా రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది, అదీ మాత్రల కంటే ఎక్కువగా. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్కలో గర్భిణుల్లో ఇది ఏడాదికి పది వేలకు 5 నుంచి 20. కాన్పయిన మొదటి పన్నెండు వారాల్లో, ఏడాది లెక్కన చూస్తే, 40 నుంచి 65. గర్భం అంటే భయపడమని చెప్పడం లేదు. మాత్ర మానేయగానే ముప్పు సున్నా అయిపోదని చెబుతున్నాను.

ఈ ఒక్క మాట ఒక దేశాన్నే కుదిపేసిన సంగతి ఉంది. 1995 అక్టోబరులో బ్రిటన్‌లోని మందుల భద్రతా కమిటీ, డెసోజెస్ట్రెల్, జెస్టోడీన్ ఉన్న గర్భనిరోధక మాత్రలతో గడ్డకట్టే ముప్పు రెట్టింపు అవుతోందని ప్రకటించింది. దాదాపు 1,90,000 మంది డాక్టర్లకు, ఫార్మసిస్టులకు ఉత్తరాలు వెళ్లాయి. ఆధారంగా చూపిన అధ్యయనాలు అప్పటికింకా ప్రచురణ కూడా కాలేదు. టీవీలు, పత్రికలు రెట్టింపు అన్న మాటనే పట్టుకున్నాయి. అప్పటి అంచనాల్లో అసలు లెక్క ఏమిటంటే, పాత రకాలతో ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది వీటితో ఇద్దరికి అయింది. అంతే. కానీ ఆడవాళ్లు హడలిపోయారు. చాలామంది, అచ్చం మీలాగే, ప్యాకెట్ సగంలో ఉండగానే మాత్రలు ఆపేశారు. 1990 నుంచి అక్కడ తగ్గుతూ వస్తున్న అబార్షన్లు ఒక్కసారిగా పెరిగాయి. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 13,000 అబార్షన్లు అదనంగా జరిగాయని అంచనా. పదహారేళ్లు నిండని ఆడపిల్లలు కూడా వందల సంఖ్యలో గర్భం దాల్చారు. ఏ ముప్పు నుంచి కాపాడాలని ఆ ప్రకటన చేశారో, గర్భం వల్ల అదే ముప్పు అంతకంటే ఎక్కువగా ఉంటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ సంగతి తలుచుకుంటే నాకు మనసు చివుక్కుమంటుంది. అక్కడ ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్క అంకె చెప్పకుండా వదిలేశారు.

ఇంతటితో మీకు ధైర్యం చెప్పి పంపేస్తే నేను కూడా సగమే చెప్పినట్టవుతుంది. పది వేలలో పది మంది అన్నది సగటు. మీరు సగటు మనిషి కాదు. ఆ పది మంది లాటరీ తీసినట్టు ఎవరంటే వాళ్లు అయిపోరు. పొగ తాగే అలవాటు, అందులోనూ 35 దాటిన వయసు, బాగా ఎక్కువ బరువు, అమ్మకో నాన్నకో తోబుట్టువులకో చిన్న వయసులో గడ్డకట్టిన చరిత్ర, ఈమధ్యే జరిగిన పెద్ద ఆపరేషన్, వారాల తరబడి మంచం మీద ఉండటం, ఇలాంటివి ఉన్నవాళ్లే అందులో ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులో వంకర గీతలో కనిపించి ఆ తర్వాత వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఇంకో భయం, పక్షవాతం. వాళ్లకు పది వేల లెక్క వర్తించదు, ఈ మాత్రలు ఇవ్వకూడదు. ఇవేవీ లేని 29 ఏళ్ల అమ్మాయికి ముప్పు ఆ సగటు కంటే కూడా తక్కువే ఉంటుంది. ఒకే అంకె ఒకరిని అనవసరంగా భయపెడుతుంది, ఇంకొకరికి ఉండాల్సిన భయాన్ని కూడా పోగొడుతుంది.

ఆ అంకెలు ఎక్కడివో కూడా చూడాలి. అవి ఎక్కువగా ఐరోపా, అమెరికా ఆడవాళ్లను పరిశీలించి తీసినవి. రక్తం తేలిగ్గా గడ్డకట్టేలా చేసే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అనే జన్యులోపం అక్కడి తెల్లవాళ్లలో వందకు ఐదుగురి దాకా ఉంటుంది, మనవాళ్లలో అరుదు. అంతమాత్రాన మనకు గడ్డలు కట్టవని కాదు. వాళ్ల సగటును తెచ్చి ఖమ్మంలో ఉన్న మీకు ఉన్నదున్నట్టు తగిలించలేమని మాత్రమే.

అందుకే మీ డాక్టరుగారు మాత్ర రాసేముందు బీపీ చూశారా, తలనొప్పి గురించి, ఇంట్లో వాళ్ల జబ్బుల గురించి అడిగారా అన్నది నాకు ముఖ్యం. అడక్కపోతే మీరే చెప్పండి. ఇక్కడ ఇంకో మాట అనకుండా ఉండలేను. వ్రతానికో పెళ్లికో నెలసరి వాయిదా వేసుకోవడానికి మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని మింగే మాత్రలు కూడా హార్మోన్లే. ఈ ప్రశ్నలన్నీ వాటికీ వర్తిస్తాయి. అక్కడ అడిగేవాళ్లే ఉండరు.

ఇక మీరు చేయాల్సింది. ఈ మాత్రలతో గడ్డకట్టే ముప్పు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలోనే ఎక్కువ. నాలుగు వారాలో అంతకంటే ఎక్కువో ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ ఎక్కువ ముప్పు కాలం మళ్లీ మొదలవుతుంది. అంటే మీరు గడిచి వచ్చిన కష్టకాలాన్ని భయంతో మళ్లీ కొనితెచ్చుకున్నట్టు అవుతుంది. ఇప్పటికి పదిహేను రోజులే అయింది కాబట్టి ఈ వారంలోనే డాక్టరుగారిని కలవండి. మీ అంతట మీరు మొదలుపెట్టకండి, ఆయన చూసి చెప్పాకే మొదలుపెట్టండి. ఈ పదిహేను రోజుల్లో భార్యాభర్తలు కలిసి ఉంటే ఆ మాట చెప్పండి, ప్రెగ్నెన్సీ టెస్టు చేస్తారు. ఇప్పుడు నెగెటివ్ వచ్చినా మూడు వారాల తర్వాత మరోసారి చేయించుకోవాలి. మాత్ర మీకు సరిపడదని తేలితే వేరే దారులున్నాయి. కానీ ఏ మందూ లేకుండా నెలల తరబడి నెలసరి రాకుండా వదిలేయకండి, గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, అది మంచిది కాదు.

మాత్రలు వాడే రోజుల్లో ఒక్క కాలి పిక్కే వాచి నొప్పిగా ఉన్నా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వచ్చినా, దగ్గితే రక్తం పడినా, ఎప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, మూతి వంకరపోయినా ఎవరినీ అడుగుతూ కూర్చోకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అత్తగారికి కూడా ఇవి చదివి వినిపించండి. ఆమె వద్దంటున్నది మీ మీద ప్రేమతోనే, దేనికి భయపడాలో తెలిస్తే ఆమే మీకు తోడుగా ఉంటారు.

మీ చెల్లి విషయంలో అమ్మను భయపెడుతున్నది కూడా ఒక సగటే. 28 రోజులన్నది పుస్తకాల్లో వేసిన అంకె. 2019లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనంలో ఆరు లక్షలకు పైగా నెలసరి చక్రాలను లెక్కపెడితే సగటు 29 రోజులు దాటింది, సరిగ్గా 28 రోజులకు వచ్చినవి వందకు 13 మాత్రమే. 21 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. మొహం మీద మగవాళ్లకు వచ్చినట్టు వెంట్రుకలు, తగ్గని మొటిమలు లేకపోతే ఆ అమ్మాయికి ఏ మందూ అక్కర్లేదు. తొందరపడి స్కానింగ్ కూడా చేయించకండి. ఆ వయసులో అండాశయాల్లో చిన్న చిన్న బుడగలు ఎక్కువగా కనిపించడం సహజం, అది చూసి రిపోర్టులో పీసీఓడీ అని రాస్తే పిల్ల ఏళ్ల తరబడి దిగులు పెట్టుకుంటుంది. మొదటి నెలసరి వచ్చి ఎనిమిదేళ్లు దాటనివాళ్లలో ఈ నిర్ధారణకు స్కానింగ్ వాడొద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. వచ్చే నెల నుంచి తేదీలు క్యాలెండర్ మీద రాసుకోమనండి. వరుసగా 35 రోజులు దాటి వస్తుంటే అప్పుడు ఆ క్యాలెండర్ పట్టుకుని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.