టెక్సాస్‌లో చదువు: బయట అద్దెకు ఉండేవారికీ మెనింజైటిస్ టీకా కావాలా?

మీ అబ్బాయికి 21 ఏళ్లు, ఆగస్టులో టెక్సాస్‌లో ఎమ్మెస్‌లో చేరుతున్నాడు, హాస్టల్లో కాకుండా స్నేహితులతో బయట అద్దెకు ఉంటాడు కాబట్టి మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా మానేయవచ్చా అని అడిగారు. మానేయకండి. తరగతులు మొదలయ్యే నాటికి 22 నిండని కొత్త విద్యార్థులు ఎక్కడ ఉంటున్నా సరే, గత 5 ఏళ్లలో ఈ టీకా వేయించుకున్నట్టు చూపించాలి. అదీ తరగతులకు కనీసం 10 రోజుల ముందు పడి ఉండాలి. ఈలోగా 22 నిండితే నిబంధన వర్తించదు. నా మాట వింటే అప్పుడు కూడా వేయించండి.

ఈ నిబంధన ఊరికే రాలేదు. 2008లో ఆస్టిన్‌లో చదువుతున్న జేమీ షాన్‌బామ్ అనే అమ్మాయికి ఈ జబ్బు సోకి, రెండు కాళ్లూ మోకాళ్ల కింద నుంచి తీసేయవలసి వచ్చింది. చేతివేళ్లూ పోయాయి. మరుసటి ఏడాది హాస్టళ్లలో ఉండేవారికి టీకా తప్పనిసరి చేశారు. నికోలిస్ విలియమ్స్ అనే విద్యార్థి బయట ఉంటున్నందున ఆ చట్టం అతనికి వర్తించలేదు. 2011లో అతను ఇదే జబ్బుతో చనిపోయాడు. ఆ తర్వాతే బయట ఉండేవారినీ చట్టంలో చేర్చారు. మన పిల్లలు అక్కడ ఒకే ఇంట్లో నలుగురైదుగురు సర్దుకుంటారు, ఒకే సీసాలో నీళ్లు తాగుతారు. ఈ జబ్బు తెచ్చే మెనింగోకోకస్ అనే సూక్ష్మజీవి దాదాపు పదిమందిలో ఒకరి గొంతులో ఏ హానీ చేయకుండానే ఉంటుంది, దగ్గు ద్వారా, ఉమ్మి ద్వారా పక్కవారికి చేరుతుంది.

మా అమ్మాయికి హైదరాబాద్‌లోనే వేయించాం. చిన్నప్పుడు వేసిన హిబ్ టీకా (అది వేరే సూక్ష్మజీవికి), జపనీస్ మెదడువాపు టీకా దీనికి సరిపోవు. ఎ, సి, డబ్ల్యు, వై రకాలకు పనిచేసే మెనింగోకోకల్ టీకా అని అడగండి. హజ్ యాత్రికులకు తప్పనిసరి కాబట్టి ఇక్కడి డాక్టర్లకు బాగా తెలుసు. అయితే ప్రతి క్లినిక్‌లోనూ నిల్వ ఉండదు, ముందుగా ఫోను చేసి వెళ్లండి. మా అమ్మాయికి ఒక రోజు చేయి నొప్పి పుట్టింది, అంతే.

సర్టిఫికెట్ దగ్గర జాగ్రత్త. నర్సు సీసా మీది స్టిక్కరు ఒలిచి కార్డులో అంటించింది, బ్యాచ్ నంబరు అందులోనే ఉంది. తేదీలో నెల పేరు అక్షరాల్లో రాయించుకోండి. 08/06 అంటే మనకు జూన్ 8, అక్కడివారికి ఆగస్టు 6. మా అమ్మాయి రూమ్మేట్ కాగితాన్ని, టీకా ఇంకా పడనే లేదని ఇలాగే వెనక్కి పంపారు.

ఈ టీకా బి రకానికి పనిచేయదు. దానికి వేరే టీకా ఉంది, అక్కడికి వెళ్లాక విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో అడగమనండి. అందుకే లక్షణాలు కూడా తెలిసి ఉండాలి: జ్వరం, భరించలేని తలనొప్పి, మెడ పట్టేయడం, వాంతులు, వెలుతురు చూడలేకపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం. గాజు గ్లాసుతో నొక్కినా రంగు తగ్గని మచ్చలు కనిపించవచ్చు. మన చామనచాయ ఒంటి మీద అవి సరిగా తెలియవు కాబట్టి అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపల చూడాలి. మచ్చలు వచ్చేదాకా ఆగకూడదు, గంటల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. జబ్బుపడిన మనిషి మగతలో ఉంటే తనంతట తాను ఏమీ చేయలేడు. కాబట్టి ఇవన్నీ మీ అబ్బాయితో పాటు ఆ ఇంట్లో ఉండే స్నేహితులకూ చెప్పండి. తెల్లారాక చూద్దామనుకోకుండా అర్ధరాత్రయినా 911కు ఫోను చేయమనండి.