సోమవారంలోపు చదవాల్సిన ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నీకు చెప్పే చేస్తున్నానంది, లేకపోతే ముందు దాన్నే తిట్టేవాణ్ణి. సోమవారం స్కూల్ అసెంబ్లీలో 'థాట్ ఫర్ ది డే' నీ వంతట. మైకు పట్టుకుని "మీరు వెనకాల అనుకుంటున్నది నిజమే, నేను గే" అని చెప్పేస్తావట. కాసేపు గర్వంగా అనిపించింది. తర్వాత నిద్ర పట్టలేదు. విషయం తెలియని మీ అత్త, బీపీ మాత్ర వేసుకున్నావా అని రెండుసార్లు అడిగింది.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. నీ చిన్నప్పటి నుంచి ప్రతి పండక్కీ "నా కూతుర్ని నీకే ఇస్తాన్రా" అని ఏడిపించాను. రెండేళ్లుగా ఆ మాట రాగానే నువ్వు లేచి బాల్కనీలోకి పోతున్నావు. ఆ ఆట ఇవాళ్టితో బంద్.

మైకు సంగతి తర్వాత, ముందు కాగితం. ముప్పై ఏళ్లుగా బ్యాంకు కౌంటర్ వెనక కూర్చుంటున్నవాణ్ణి, నోటిమాటకు రసీదు ఉండదని తెలుసు. ఏ రోజు, ఎక్కడ, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు, అంతే రాయి. వాట్సాప్ గ్రూపులో పెట్టినవి స్క్రీన్‌షాట్లు తీసి అమ్మకు పంపు. ప్రిన్సిపాల్ దగ్గరికి రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో. అందులో వాళ్లు చేసింది రాయి, నువ్వెవరో రాయనక్కర్లేదు. నువ్వు ఎవరైనా సరే, నీ బ్యాగు మీద మార్కర్‌తో, సగం మగాడివని వెక్కిరిస్తూ, 'పాయింట్ ఫైవ్' అని రాయడం తప్పే. తప్పు వాళ్లు చేస్తే, సంజాయిషీ నువ్వివ్వడం ఏమిట్రా?

మీ నాన్న ఎవరో డాక్టర్‌కి చూపిద్దామన్నాడట. దేనికని? ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చేస్తామంటూ వైద్యం చేయడం డాక్టర్లకు వృత్తిపరమైన తప్పని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. బావతో నేను మాట్లాడతాను, నువ్వు వాదించకు. మనసు బాగోలేక ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే అది వేరు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. లేదా నాకు చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

ఇప్పుడు అసలు ప్రశ్న. స్కూల్లో నీళ్లు తాగుతున్నావా?

నవ్వకు. 1984లో నారాయణగూడలో నేను తొమ్మిదో తరగతి. నా పక్కన కూర్చునేవాడు ఒకడు, లెక్కల్లో నాకు వాడే దిక్కు. చేతులు కాస్త తిప్పుతూ మాట్లాడేవాడు. గే అన్న మాట మాకు తెలియదు. "వాడు తేడారా" అనేవాళ్లు, ఇంకా పచ్చిగా ఆడంగి అనేవాళ్లు. అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. బాత్రూమ్‌లో ఒంటరిగా దొరికితే ఏడిపిస్తారని పొద్దున్నుంచి చుక్క నీళ్లు ముట్టేవాడు కాదు. ఒకరోజు అడిగాడు, "నువ్వేం చెయ్యొద్దురా, ఊరికే తలుపు దగ్గర నిలబడు" అని. నిలబడ్డాను, రెండు నెలలు. వాడు నీళ్లు తాగడం మొదలుపెట్టాడు.

తర్వాత వెనక బెంచీవాడొకడు నన్ను "పెళ్లానికి కాపలానా?" అన్నాడు. ఆ ఒక్క మాట చాలింది. మర్నాడు ఇంటర్వెల్‌లో గేటు బయటికి పోయి జామకాయ కొనుక్కుని, ఉప్పూకారం వేయించుకుని, నిదానంగా తిన్నాను. తిరిగొచ్చేసరికి వాడి చోటు ఖాళీ. బాత్రూమ్‌కి బయట గొళ్లెం పెట్టేశారు. సోషల్ పీరియడంతా దూరంగా తలుపు కొడుతున్న చప్పుడు. మాస్టారు "ఏమిట్రా అది" అంటే ఎవడో "కార్పెంటర్ సార్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలుపు దగ్గర లేకపోవడానికి భయమని చెప్పుకోగలను, ఆ నవ్వుకి ఏం చెప్పుకోను?

చివరి బెల్లు తర్వాత అటెండర్ తీశాడు. వాడు బ్యాగు తీసుకుని నా పక్కనుంచే వెళ్లాడు, ఒక్క మాట అనలేదు. వారం తిరక్కుండా వాళ్ల నాన్న వచ్చి టీసీ తీసుకెళ్లాడు. 2018 సెప్టెంబర్ 6న, గే అయితే నేరం కాదని సెక్షన్ 377 మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన సాయంత్రం, ఇంటిపేరుతో సహా ఫేస్‌బుక్‌లో వెతికాను. దొరకలేదు. దొరికితే ఏం రాసేవాణ్ణో కూడా తెలియదు.

అందుకే అడుగుతున్నా, నీ తలుపు దగ్గర ఎవరున్నారు? క్యారమ్స్ ఆడటానికి వచ్చే కుర్రాడు ఈమధ్య రావడం లేదని మీ అమ్మ అంది. వాణ్ణి కూడా ఎవడో నన్నడిగిందే అడిగి ఉంటాడు. (నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకుంటున్నానేమో, అయినా చెప్తున్నా.) వాడి దగ్గరికెళ్లి నేరుగా అడుగు, తోడుంటావా అని. కాదంటే పోనీ. సరేనంటే, చెప్పదలుచుకున్నది ముందు వాడికి చెప్పు. స్కూలంతటికీ తర్వాత చూద్దాం.

ఆదివారం వస్తున్నా. చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, కూకట్‌పల్లిలో దిగుతాను. కాగితం ఇద్దరం కూర్చుని రాద్దాం. అప్పటికీ సోమవారం మైకు పట్టుకుంటానంటే ఆపను. సెలవు పెట్టి మీ స్కూలు గేటు దగ్గరే నిలబడతాను. వాచ్‌మన్ లోపలికి రానివ్వకపోతే బయటే ఉంటాను. జామకాయల బండి వైపు వెళ్లను.

మీ మావయ్య