ద్రాక్ష గింజల పొడి వాడితే గుండె మాత్రలు తగ్గించుకోవచ్చా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. ఎనిమిది నెలల కింద స్టెంట్ వేశారు. బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలతో పాటు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటున్నాను. వైన్ తయారీలో మిగిలిన ద్రాక్ష తొక్కలు, గింజలతో చేసిన పొడి గుండెకు మంచిదని మా అల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించాడు. వాడొచ్చా? మాత్రలు తగ్గించుకోవచ్చా?
- ఓ పాఠకుడు, దేవరకొండ

జవాబు: మాత్రల్లో ఒక్కటి కూడా తగ్గించకండి. ముఖ్యంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్. డాక్టర్ చెప్పకుండా వీటిని ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టి గుండెపోటు రావచ్చు. స్టెంట్ వేసిన తొలి ఏడాదిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇక పొడి సంగతి. మీ అల్లుడు విన్నదాంట్లో కొంత నిజం ఉంది. రసం పిండేశాక మిగిలే పిప్పిలో పీచుతో పాటు పాలీఫినాల్స్ అనే పదార్థాలు చాలావరకు ఉండిపోతాయి. గింజల్లో ప్రోయాంథోసయనిడిన్లు, నల్ల ద్రాక్ష తొక్కలో రంగునిచ్చే ఆంథోసయనిన్లు ఉంటాయి. ఇవి రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలకు తోడ్పడతాయి. దాంతో నాళం కాస్త వదులవుతుంది. ద్రాక్ష గింజల సారం ఇచ్చి చేసిన పరీక్షల్లో కొందరికి బీపీ కొద్దిగా తగ్గింది. అంతవరకే. దీనివల్ల గుండెపోట్లు తగ్గాయని ఇప్పటిదాకా రుజువు కాలేదు. పైగా ఆ పరీక్షల్లో వాడింది కొలిచి ఇచ్చిన సారం. మామూలు పిప్పి పొడిలో ఏది ఎంత ఉంటుందన్నది ద్రాక్ష రకాన్ని బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి మారిపోతుంది.

మీ విషయంలో నా భయం వేరు. ఈ పదార్థాలకు రక్తాన్ని గడ్డకట్టించే కణాలు (ప్లేట్‌లెట్లు) ఒకదానికొకటి అతుక్కోవడాన్ని తగ్గించే గుణం కొంత ఉంది. మీరు ఇప్పటికే అదే పనికి రెండు మాత్రలు వేసుకుంటున్నారు. అన్నీ కలిస్తే రక్తస్రావం కావచ్చు. అందుకే ఇప్పుడు ఈ పొడి వద్దు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపేసి, ప్యాకెట్‌ను మీ గుండె డాక్టర్‌కు చూపించండి. చిగుళ్ల నుంచి రక్తం వస్తున్నా, ఒంటిమీద కమిలిన మచ్చలు కనిపిస్తున్నా ఆలస్యం చేయకుండా వెళ్లండి. మలం నల్లగా, తారులా వస్తే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

పిప్పి మంచిదైతే వైన్ కూడా మంచిదేనా అని చాలామంది అడుగుతుంటారు. కాదు. మద్యం ఎంత తక్కువైనా సురక్షితం అనలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

పాలీఫినాల్స్ కోసం ప్యాకెట్లే కొనక్కర్లేదు. పాలమూరు పల్లీల ఎర్ర పొట్టులోనూ ప్రోయాంథోసయనిడిన్లు ఉన్నాయి. మనమేమో వేయించి, పొట్టు నలిపి చెరిగేస్తాం! ఉప్పు వేయకుండా ఉడకబెట్టి, పొట్టుతోనే ఓ గుప్పెడు తినండి. నల్ల ద్రాక్షను బాగా కడిగి తొక్కతో తినొచ్చు. షుగర్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే ద్రాక్ష పది పళ్లు దాటకుండా చూసుకోండి.