తలుపుల మీది వినైల్ అంచులు లేస్తుంటే

మీ క్యాటరింగ్ వ్యాన్ తలుపులకు మాత్రమే వేయించిన వినైల్ (జిగురుతో అంటించే ప్లాస్టిక్ పొర) నెల తిరగకుండానే హ్యాండిల్ గుంటల దగ్గర లేస్తోందంటే, అతికించిన తరువాత అక్కడ తుది వేడి ఇవ్వకపోవడమే కారణమై ఉంటుంది. దీనికోసం పూర్తి ర్యాప్‌కు, అంటే బండి మొత్తానికీ వినైల్ వేయించడానికి, డబ్బు పోయనక్కరలేదు. అయితే పూర్తి ర్యాప్‌లో చాలా అంచులు తలుపు మడతల్లోకి వెళ్లిపోతాయి. మీరు వేయించినట్టి పాక్షిక ర్యాప్‌లో అవి బయటే ఉండి దుమ్మునూ నీటి ధారనూ తట్టుకోవాలి కనుక, పని మరింత శ్రద్ధగా జరగాలి.

1. లేచిన ముక్కను మళ్లీ అంటించకండి. మట్టి పట్టిన జిగురు నిలవదు. ఆ ప్యానెల్ వరకే కొత్తది వేయించండి.

2. ముందుగా ప్యానెల్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (జిడ్డు తీసే ద్రవం) తుడిపించి, అది ఆరకముందే పొడిగుడ్డతో తుడిపించండి. లేకపోతే పాలిష్ మైనం అక్కడే మిగులుతుంది.

3. చాలామంది వదిలేసేది ఈ తుది వేడినే. గుంటలోకి సాగదీసిన వినైల్ తన పూర్వపు ఆకారానికి తిరిగి రావాలని లాగుతూనే ఉంటుంది. హీట్ గన్‌తో తయారీదారు సూచించిన ఉష్ణోగ్రతకు, సాధారణంగా 90 డిగ్రీల సెల్సియస్‌కు పైగా, వేడిచేస్తేనే ఆ లాగుడు తగ్గుతుంది. చేత్తో తాకి చూస్తే తెలియదు, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో మీ ఎదుటే కొలిపించండి. ఈ పని జరగకపోతే హైదరాబాద్ మే ఎండకు అంచులు మళ్లీ లేస్తాయి.

గుంటలున్న చోట క్యాస్ట్ వినైలే (పలుచగా, వంపులకు ఒదిగే రకం) అడగండి. క్యాలెండర్డ్ రకం (రోలర్ల మధ్య నొక్కి చేసే, కాస్త మందమైనది) చదునైన వెనుక తలుపుకు చాలు. మొదటి వారం ప్రెషర్ వాష్ చేయించకండి.